వాడకుండా పడున్న డొమైన్ పేర్లతో యాడ్స్ డబ్బులు ఎలా: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు వాళ్ళకి పూర్తి గైడ్

మన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగువాళ్ళ షాపుల్లో, ఇళ్ళల్లో ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు డొమైన్ పేర్లు, అంటే డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి వెబ్‌సైట్ అడ్రస్‌లు, ఊరికే పడున్నాయి. షాపు పేరు మీద ఒకటి, అబ్బాయి బీటెక్‌లో ఉన్నప్పుడు స్టార్టప్ పెడదామని కొన్నది ఒకటి, ఆఫర్‌లో చవగ్గా వస్తోందని కొనేసింది ఇంకోటి. వెబ్‌సైట్ ఎప్పుడూ కట్టలేదు, కార్డులోంచి రెన్యువల్ డబ్బులు మాత్రం ఏటా కట్ అయిపోతూ ఉంటాయి. వీటి మీద యాడ్స్ పెట్టి కనీసం ఆ రెన్యువల్ డబ్బులైనా రాబట్టుకోవచ్చా అని బడాబజార్ షాపులవాళ్ళ దగ్గర్నుంచి గుణుపురం కాలేజీ పిల్లల దాకా అడుగుతున్నారు, అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నా.

ముందు అసలు మాట చెప్పేస్తా. పేరు పార్క్ చేసి, అంటే ఒక కంపెనీ పెట్టే యాడ్స్ పేజీకి అప్పగించి, వదిలేస్తే నెలనెలా డబ్బులొస్తాయి అనే కాలం దాదాపు అయిపోయింది. పేరు తేదు డబ్బు, ఆ పేరు వెతుక్కుంటూ వచ్చే మనిషి తెస్తాడు. మనుషులు వచ్చే పేరు ఏదో, రాని పేరు ఏదో తేల్చుకుని, వచ్చేదాని మీద చిన్న పేజీ కట్టి, రానిదాన్ని అమ్మడమో వదిలేయడమో చెయ్యాలి. మన వైపు ఊళ్ళ పేర్లతో ఉన్న డొమైన్లకి ఈ దారే గిట్టుబాటు అని గట్టిగా నమ్ముతున్నా, ఎందుకో కింద స్టెప్పుల్లో తెలుస్తుంది.

స్టెప్ 1: పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, అవి నిజంగా మీవేనా చూడండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ సగం మంది ఇక్కడే ఆగిపోతారు. ఏటంటే షాపుకి వెబ్‌సైట్ చేస్తానన్న కుర్రాడు తన అకౌంట్లో, తన ఈమెయిల్ మీద పేరు కొంటాడు, తర్వాత అతను హైదరాబాదో బెంగుళూరో వెళ్ళిపోతాడు, ఓనరు గారి చేతిలో బిల్లు తప్ప ఏమీ ఉండదు. పేరు ఎవరి అకౌంట్లో ఉంటే వాళ్ళదే కంట్రోల్. కాబట్టి ముందు రిజిస్ట్రార్ ఎవరో కనుక్కోండి, అంటే మీకు పేరు అమ్మిన కంపెనీ. ఐకాన్ (ప్రపంచమంతా డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే సంస్థ) వాళ్ళ లుకప్ పేజీలో డొమైన్ పేరు కొడితే రిజిస్ట్రార్ ఎవరు, ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది, నేమ్‌సర్వర్లు (పేరు కొట్టినవాళ్ళని ఎక్కడికి పంపాలో చెప్పే కంప్యూటర్లు) ఏంటి అన్నీ వస్తాయి. ఇలా వివరాలు చూపించే పాత హూయిజ్ పద్ధతిని డాట్ కామ్ లాంటి పేర్లకి 2025 జనవరిలో తప్పనిసరి కాకుండా చేసి దాని బదులు ఆర్‌డాప్ అనేది పెట్టారు, చూసే మనకి పెద్ద తేడా ఏమీ లేదు. ఓనరు పేరు, ఫోన్ చాలావరకు దాచేసి ఉంటాయి, కంగారు పడకండి, 2018లో యూరప్ ప్రైవసీ చట్టం వచ్చాక అందరివీ అలాగే దాస్తున్నారు. డాట్ ఇన్ పేర్లయితే మన దేశంలో నిక్సీ అనే సంస్థ కింద ఉంటాయి, వాళ్ళ రిజిస్ట్రీ సైట్లో చూడండి.

తర్వాత లాగిన్ అయ్యి ఈమెయిల్ ఐడీ ఇప్పటికీ పనిచేస్తోందో లేదో చూసి, ఓటీపీ వచ్చే చోట మీ సొంత నంబరే పెట్టి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసుకోండి. వేరేవాళ్ళ అకౌంట్లో ఉంటే మంచిగా అడిగి మీ అకౌంట్లోకి మార్పించుకోండి, ఇద్దరిదీ ఒకే రిజిస్ట్రార్ అయితే లోపల లోపలే మార్చడం చాలా తేలిక.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. కొన్న పేరుకి మీరు ఏమీ సెట్ చెయ్యకుండా వదిలేస్తే చాలా రిజిస్ట్రార్లు అక్కడ వాళ్ళ సొంత పార్కింగ్ పేజీ పెట్టేస్తారు, దాని మీద యాడ్స్ కూడా ఉండొచ్చు, ఆ డబ్బు వాళ్ళకే పోతుంది. మీ పేరు ఒకసారి ఫోన్ బ్రౌజర్లో ఓపెన్ చేసి చూడండి, యాడ్స్ కనిపిస్తే అవి మీవి కాదు.

స్టెప్ 2: రెన్యువల్ లెక్క

ఇది పది నిమిషాల పని. డాట్ కామ్ పేరు ఒక్కోదానికి ఆ పేర్లన్నిటి పట్టిక నడిపే వెరిసైన్ అనే రిజిస్ట్రీకి రిజిస్ట్రార్ కట్టే హోల్‌సేల్ ధరే 2024 సెప్టెంబర్ నుంచి 10.26 డాలర్లు, దాని మీద ఐకాన్ ఫీజు, రిజిస్ట్రార్ లాభం, మన 18 శాతం జీఎస్టీ. అంటే మొదటి ఏడాది వందా రెండొందలకి ఇచ్చేది ఆఫర్ మాత్రమే, రెండో ఏడాది నుంచి వెయ్యి దాటుతుంది. మీ దగ్గర ఎనిమిది పేర్లుండి ఒక్కోటి 1,200 అనుకుంటే ఏడాదికి 9,600 రూపాయలు. ఈ అంకె కాగితం మీద పైన పెద్దగా రాసుకోండి, ఇకపైన చేసే ప్రతి పనీ దీన్ని దాటుతుందా లేదా అనేదే ప్రశ్న.

స్టెప్ 3: అసలు ఎవరైనా వస్తున్నారా

వాడని పేరుకి జనం మూడు దారుల్లో వస్తారు. బ్రౌజర్లో నేరుగా టైప్ చేసి వచ్చేవాళ్ళు, ఎక్కడో పాత లింకు నొక్కి వచ్చేవాళ్ళు, ఇంతకుముందు అక్కడ సైట్ ఉండుంటే గూగుల్‌లో ఇంకా మిగిలిన జాడ పట్టుకుని వచ్చేవాళ్ళు. పార్కింగ్ ఆదాయం అంతా ఈ మూడింటి మీదే నడుస్తుంది. ఇవేవీ లేని పేరుకి ఎంత మంచి పార్కింగ్ కంపెనీ అయినా సున్నాయే.

చూడ్డం ఎలా అంటే, క్లౌడ్‌ఫ్లేర్ అనే సర్వీసు ఫ్రీ ప్లాన్‌లో పేరు పెట్టి, ఒక ఖాళీ పేజీ లాంటిది ఉంచి నెల రోజులు చూడండి, ఎన్ని రిక్వెస్టులు ఏ దేశం నుంచి వచ్చాయో చూపిస్తుంది. అక్కడ కనిపించే అంకె చూసి మురిసిపోకండి, వాడని డొమైన్‌కి వచ్చేవాటిలో ఎక్కువ భాగం మనుషులు కాదు, బాట్లు, అంటే వాటంతట అవే తిరిగే ప్రోగ్రాములు. ఎక్కడెక్కడి సర్వర్ల నుంచో వచ్చి లాగిన్ పేజీ ఉందా అని తడుముతుంటాయి. ఇండియా నుంచి మొబైల్ బ్రౌజర్లతో వచ్చిన వాళ్ళనే లెక్కలోకి తీసుకోండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే టూల్) కూడా, డీఎన్‌ఎస్‌లో (మీ పేరు ఎక్కడికి వెళ్ళాలో రాసుండే పట్టికలో) ఒక టెక్స్ట్ రికార్డ్ పెట్టి వెరిఫై చేసుకుంటే, ఏ మాట వెతికినప్పుడు మీ పేరు కనిపిస్తోందో తెలుస్తుంది.

ఇంకొకరు వదిలేసిన పేరు మీరు కొనుంటే దాని చరిత్ర, సైట్ల పాత పేజీలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో తప్పకుండా చూడండి. పాతరోజుల్లో దాని మీద బెట్టింగో, అశ్లీలమో నడిచుంటే ఆ మచ్చ పేరుకి అంటుకునే ఉంటుంది, యాడ్ కంపెనీలు ఒప్పుకోవు.

ఇక మన వైపు ప్రత్యేకంగా ఒక చిక్కుంది, దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన బరంపురాన్ని ఇంగ్లీషులో బెర్హంపూర్ అని రాసేవాళ్ళున్నారు, రైల్వే స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, మళ్ళీ పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం బెర్హంపోర్ ఉంది, అక్కడి స్టేషన్ పేరు బెర్హంపోర్ కోర్ట్. ఇంగ్లీషులో రెండింటికీ చివరి రెండు మూడు అక్షరాలే తేడా. కాబట్టి బెర్హంపూర్ హోటల్స్ లాంటి పేరు మీ దగ్గరుంటే దానికొచ్చే జనంలో బెంగాల్ వాళ్ళూ కలిసి ఉంటారు, వాళ్ళకి గోపాల్‌పూర్ బీచ్ హోటళ్ళ యాడ్ చూపించి లాభం లేదు. జయపురం సంగతి ఇంకా ఇబ్బంది, కొరాపుట్ జిల్లా జయపురం ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి రాజస్థాన్ జైపూర్ అనుకునేవాళ్ళు, అది కొట్టబోయి ఇది కొట్టేవాళ్ళు బోలెడు. ఇలాంటి పొరపాటు ట్రాఫిక్‌తో అంకెలు బాగా కనిపిస్తాయి, డబ్బు కనిపించదు. పర్లాకిమిడికైతే ఇంగ్లీషులో ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్ళు రాస్తారు, అందుకని ఒక్క స్పెల్లింగ్ కొనుక్కుని ఊరంతా మన చేతిలో ఉందనుకోవడం కుదరదు. సెర్చ్ కన్సోల్‌లో మాటలు, క్లౌడ్‌ఫ్లేర్‌లో దేశాలు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మీ పేరుకి నిజంగా వచ్చేది ఎవరో అర్థమవుతుంది.

స్టెప్ 4: యాడ్ పెట్టేముందు ట్రేడ్‌మార్క్ చూసుకోండి

దీన్ని దాటేసి ముందుకి పోవద్దు. వేరేవాళ్ళ బ్రాండ్ పేరుతోనో, దాని స్పెల్లింగ్ కొంచెం మార్చో కొన్న డొమైన్ మీద యాడ్స్ పెట్టడం అంటే కేసుకి మన చేత్తో సాక్ష్యం రాసివ్వడమే. డాట్ కామ్ లాంటి పేర్లకి ఐకాన్ 1999లో యూడీఆర్‌పీ అని ఒక పద్ధతి పెట్టింది. ఫిర్యాదు చేసినవాళ్ళు మూడు చూపించాలి: పేరు వాళ్ళ ట్రేడ్‌మార్క్‌లా ఉందని, మీకు దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో కొని వాడుతున్నారని. ఆ మూడోదానికి, పార్కింగ్ పేజీలో అదే కంపెనీకి పోటీవాళ్ళ యాడ్స్ రావడం చాలాసార్లు సరిపోతుంది. యాడ్స్ ఆటోమేటిక్‌గా వచ్చాయి, నేను పెట్టలేదు అంటే ఫిర్యాదు తేల్చే పానెల్ మామూలుగా ఒప్పుకోదు, పేరు ఎవరిదైతే బాధ్యత వాళ్ళదే అంటుంది. డాట్ ఇన్ పేర్లకి ఇలాంటిదే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది.

మన కోర్టులు కూడా ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి. సత్యం ఇన్ఫోవే వాళ్ళ సిఫీ పేరు కేసులో 2004లో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని చెప్పేసింది. 2011లో అరుణ్ జైట్లీ పేరు మీద ఉన్న డాట్ కామ్ విషయంలో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది, అంటే పేరున్న మనిషి పేరు కొనడం కూడా ప్రమాదమే. కాబట్టి ఎమ్మెల్యే పేరు, డాక్టరు గారి పేరు, యూనివర్సిటీ పేరు, మెడికల్ కాలేజీ పేరు, గుడి ట్రస్టు పేరు, వీటితో ఉన్నవి పక్కన పెట్టేయండి. ముఖ్యంగా గుడి పేరుతో ఉన్నదాన్ని యాడ్స్‌కి వాడొద్దు, తారాతారిణి కొండకో మజ్జిగౌరమ్మ గుడికో వెళ్దామని టైమింగ్స్ వెతికేవాళ్ళకి ఏదో లోన్ యాప్ యాడ్ చూపించడం పద్ధతి కాదు, చట్టం సంగతి తర్వాత.

ఊరు పేరు, మామూలు వస్తువు పేరు కలిపినవి చాలావరకు పర్వాలేదు. అక్కడా ఒక జాగ్రత్త, బరంపురం పట్టుకి, గంజాం మొగలిపువ్వుకి, కొరాపుట్ కాలాజీరా బియ్యానికి జీఐ ట్యాగ్ (ఫలానా చోటి సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే గుర్తింపు) ఉంది. వాటి గురించి సమాచారం రాయొచ్చు, అసలైనది అమ్మేవాళ్ళ యాడ్ పెట్టొచ్చు, కానీ ఆ పేరు చెప్పి మరమగ్గం మీద నేసిన వేరే ఊరి చీరలు అమ్మేవాళ్ళకి జాగా ఇస్తే చిక్కుల్లో పడతారు, పైగా మన దేరా వీధుల నేతన్నల కడుపు కొట్టినట్టే.

స్టెప్ 5: పార్కింగ్ చెయ్యాలనుకుంటే

పార్కింగ్ అంటే మీ పేరుని ఒక కంపెనీ నేమ్‌సర్వర్ల మీద పెడితే వాళ్ళు దాని మీద లింకుల పేజీ చూపిస్తారు, వచ్చినాయన ఒక లింకు నొక్కితే యాడ్స్ లిస్ట్ వస్తుంది, అందులో యాడ్ నొక్కితే డబ్బు పుడుతుంది. అంటే రెండు నొక్కులు కావాలి. ఆ డబ్బు అడ్వర్టైజర్ నుంచి యాడ్ నెట్‌వర్క్‌కి, అక్కడ్నుంచి పార్కింగ్ కంపెనీకి, చివర మనకి వస్తుంది, మధ్యలో ప్రతి చోటా కొంత కట్.

ఒకప్పుడు గూగులే నేరుగా యాడ్‌సెన్స్ ఫర్ డొమైన్స్ అని నడిపింది, 2008 చివర్లో అందరికీ తెరిచి 2012లో మామూలు పబ్లిషర్లకి మూసేసింది. తర్వాత సెడో, బోడిస్, పార్కింగ్‌క్రూ, అబవ్ లాంటి కంపెనీల ద్వారానే గూగుల్ యాడ్స్ వచ్చేవి. 2025 మార్చి నుంచి అడ్వర్టైజర్ల అకౌంట్లలో పార్క్ చేసిన డొమైన్ల మీద యాడ్ కనపడే ఆప్షన్‌ని గూగుల్ ఆటోమేటిక్‌గా ఆఫ్ చేసేసింది, కావాలనుకున్నవాళ్ళు తిరిగి ఆన్ చేసుకోవాల్సి వచ్చింది. ఎంతమంది పనిగట్టుకుని ఆన్ చేసుంటారు? యాడ్స్ పోటీ తగ్గితే క్లిక్ ధర తగ్గుతుంది. పాత యూట్యూబ్ వీడియోల్లో చూపించే పార్కింగ్ ఆదాయం స్క్రీన్‌షాట్లు ఇప్పటికి వర్తించవు.

అయినా టైప్ చేసి వచ్చేవాళ్ళు నిజంగా ఉన్న పేరైతే పెట్టి చూడొచ్చు. చేసే పద్ధతి ఇదీ. పార్కింగ్ కంపెనీలో పాన్ కార్డులో ఉన్న పేరుతోనే అకౌంట్ తెరవండి. డొమైన్ యాడ్ చెయ్యండి. వాళ్ళిచ్చిన రెండు నేమ్‌సర్వర్లు కాపీ చేసి మీ రిజిస్ట్రార్ పేజీలో నేమ్‌సర్వర్స్ దగ్గర పాతవి తీసేసి ఇవి పెట్టి సేవ్ చెయ్యండి, పూర్తిగా మారడానికి ఒక్కోసారి 48 గంటలు పడుతుంది. కీవర్డ్ దగ్గర పేరుకి సరిపడే మాట ఇంగ్లీషులో పెట్టండి, ఉదాహరణకి సిల్క్ శారీస్. అదే పేజీలో ఈ పేరు అమ్మకానికి ఉంది అనే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చెయ్యండి, చాలాసార్లు క్లిక్కుల కంటే ఆ ఒక్క లైనే పనికొస్తుంది.

ఇక్కడ పెద్ద హెచ్చరిక. నేమ్‌సర్వర్ మారిస్తే పాత డీఎన్‌ఎస్ రికార్డులన్నీ పోతాయి, ఆ పేరు మీద షాపు ఈమెయిల్ నడుస్తుంటే అది కూడా ఆగిపోతుంది. వెబ్‌సైట్ లేకపోయినా ఇన్‌ఫో ఎట్ షాపు పేరు అని బ్యాంకులో, జీఎస్టీలో ఇచ్చుంటారు, ఆ మెయిల్స్ రావడం మానేస్తే ఓటీపీలూ రావు నోటీసులూ రావు. ముందు డీఎన్‌ఎస్‌లో ఎమ్ఎక్స్ రికార్డులు (ఈమెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే లైన్లు) ఉన్నాయేమో చూడండి, ఉంటే ఆ పేరుని పార్కింగ్‌కి పెట్టకండి.

జీరో క్లిక్ అని ఇంకో పద్ధతి ఉంటుంది, వచ్చిన మనిషిని ఏ పేజీ చూపించకుండానే వేలంలో ఎక్కువ ఇచ్చిన అడ్వర్టైజర్ సైట్‌కి తోసేస్తారు. కొన్నిసార్లు మామూలు పార్కింగ్ కంటే ఎక్కువ వస్తుంది కూడా. నా మాట వినండి, ఇది ఆన్ చెయ్యొద్దు. మీ ఫోన్‌లో వైరస్ ఉంది అని భయపెట్టే పేజీలు, నోటిఫికేషన్ అలౌ నొక్కమని సతాయించేవి, బెట్టింగ్, నకిలీ లోన్ యాప్‌లు, వీటికి మన ఊరివాళ్ళు దొరికిపోయేది ఎక్కువగా ఇలాంటి దారుల్లోనే. అస్కా నుంచో మోహన నుంచో ఒక పెద్దాయన ఏదో షాపు నంబర్ కోసం మన పేరు టైప్ చేస్తే ఆయన్ని అక్కడికి పంపించి సంపాదించే రూపాయి మనకి వద్దు. అకౌంట్ సెటింగ్స్‌లో డిఫాల్ట్‌గా ఆన్ అయ్యుంటుందేమో కూడా చూసి ఆఫ్ చెయ్యండి.

సొంత యాడ్స్ మీద క్లిక్ చెయ్యడం, వాట్సాప్ గ్రూపులో పెట్టి ఒకసారి నొక్కండి అనడం, డబ్బిచ్చి ట్రాఫిక్ కొనడం, వీటిలో ఏది చేసినా అకౌంట్ పోతుంది, వచ్చిన డబ్బూ ఆగిపోతుంది.

మూడు నెలలు నడిపి చూడండి. ఏడాదికి లెక్క కట్టుకుంటే రెన్యువల్‌లో సగం కూడా రాని పేరుని పార్కింగ్‌లో ఉంచి ప్రయోజనం లేదు, కింది స్టెప్పుకి రండి.

స్టెప్ 6: చిన్న పేజీ కట్టి యాడ్స్ పెట్టడం

నేను అందరికీ చెప్పేది ఇదే. ఖాళీ పేజీలకి, కట్టబోతున్నాం అని బోర్డు పెట్టిన సైట్లకి యాడ్‌సెన్స్ (సైట్ల మీద యాడ్స్ వేసి డబ్బిచ్చే గూగుల్ సర్వీసు) ఇవ్వరు, చదవడానికి సరుకు ఉండాలి. ఆ సరుకు మన దగ్గరుంది, ఎవరూ సరిగ్గా రాయలేదు అంతే. పేరుకి తగ్గట్టు ఏం రాయొచ్చో చూడండి. పట్టు పేరున్న డొమైన్ ఉంటే బరంపురం పట్టులో ఫోడా కుంభ అంచు ఎలా ఉంటుంది, అసలైనది గుర్తుపట్టడం ఎలా, ఉతకడం మడతపెట్టడం ఎలా. పెళ్ళిళ్ళ సీజన్‌కి శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా కొనడానికి వస్తారు కదా, వాళ్ళకి అవసరమైన సమాచారం ఇది. టూరిజం పేరైతే గోపాల్‌పూర్, తప్తపాణి వేడినీళ్ళ గుండం, ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజులు, రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర. కొరాపుట్ వైపైతే కాఫీ, దేవమాలి కొండ, డుడుమా జలపాతం. పర్లాకిమిడి అయితే కొమ్ముతో చేసే బొమ్మలు, మహేంద్రగిరి ట్రెక్, అక్కడే ఉండి వాడుక తెలుగు కోసం పోరాడి సవర భాషకి నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి గారు. ఆయన ఊళ్ళో ఉండి పుస్తకాల తెలుగులో రాయక్కర్లేదు, ఇంట్లో మాట్లాడినట్టే రాయండి.

భాష విషయం ఆలోచించుకోవాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రానివాళ్ళు చాలామంది. కాబట్టి ఒకే విషయాన్ని తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ పెడితే మంచిది. గూగుల్ యాడ్‌సెన్స్ 2018 ఏప్రిల్ నుంచి తెలుగు సైట్లకి కూడా ఇస్తోంది, కాబట్టి తెలుగులో రాస్తే యాడ్స్ రావు అన్న పాత మాట వదిలేయండి. ఒడియాలో కూడా రాద్దామనుకుంటే ముందు యాడ్‌సెన్స్ భాషల లిస్ట్‌లో ఉందో లేదో చూసుకుని రాయండి.

కట్టడం ఎలా? ఖర్చు లేకుండా అయ్యేది గూగుల్ వాళ్ళ బ్లాగర్. జీమెయిల్‌తో లాగిన్ అయ్యి సైట్ తెరిచి, సెటింగ్స్‌లో కస్టమ్ డొమైన్ దగ్గర ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టి మీ పేరు కొట్టండి. ఎర్రర్ చూపించి రెండు సీనేమ్ రికార్డులు (డీఎన్‌ఎస్‌లో పెట్టాల్సిన లైన్లు) ఇస్తుంది, ఆ ఎర్రర్‌కి భయపడొద్దు, అలాగే రావాలి. మొదటి రికార్డు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుతో, గమ్యం జీహెచ్‌ఎస్ డాట్ గూగుల్ డాట్ కామ్. రెండోది మీ ఒక్కరికే ఇచ్చే పొడుగాటి కోడ్. రెండూ రిజిస్ట్రార్ డీఎన్‌ఎస్ పేజీలో పెట్టండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేకుండా కొట్టినా రావాలంటే నాలుగు ఏ (A) రికార్డులు పెట్టాలి: 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. గంటా రెండు గంటలాగి మళ్ళీ సేవ్ నొక్కితే ఒప్పుకుంటుంది, తర్వాత రీడైరెక్ట్ డొమైన్, హెచ్‌టీటీపీఎస్ రెండూ ఆన్ చెయ్యండి. ఈ పద్ధతిలో నేమ్‌సర్వర్ మార్చక్కర్లేదు కాబట్టి ఈమెయిల్ రికార్డులకి ఏమీ కాదు, ఇదే దీనిలో నాకు నచ్చే సంగతి.

మీరే తీసిన ఫోటోలు, మీరే రాసిన మాటలతో పదిహేను ఇరవై పేజీలయ్యాక, మన గురించి, కాంటాక్ట్, ప్రైవసీ పాలసీ పేజీలు కూడా పెట్టి అప్పుడు యాడ్‌సెన్స్‌కి అప్లై చెయ్యండి. ఇంకో సైట్ నుంచి ఎత్తిపోసినవి, మెషీన్‌తో తర్జుమా చేసి చదవకుండా వేసినవి పెడితే తక్కువ విలువ కంటెంట్ అని తిప్పి పంపుతారు. వయసు 18 నిండాలి, చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల పేరు మీద తీసుకోవాలి.

అకౌంట్‌లో 10 డాలర్లు చేరాక అడ్రస్ వెరిఫికేషన్‌కి పోస్టులో ఒక పిన్ కార్డు పంపుతారు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మన ఊళ్ళ అడ్రస్‌లతో జాగ్రత్త, ఊరు పేరు ఒక్కటే రాస్తే ఎక్కడో తిరుగుతుంది, పోస్టాఫీసు పేరు, బ్లాక్, జిల్లా, పిన్‌కోడ్ అన్నీ రాసి, పోస్ట్‌మ్యాన్‌కి ఇలా ఒక కవరు వస్తుందని ముందే చెప్పి ఉంచండి. నాలుగు నెలల్లో పిన్ కొట్టకపోతే యాడ్స్ ఆగిపోతాయి. డబ్బు బ్యాంకుకి రావాలంటే 100 డాలర్లు నిండాలి, నిండకపోతే పక్క నెలకి జమ అవుతూ ఉంటుంది. బ్యాంకు వివరాల్లో స్విఫ్ట్ కోడ్ అడుగుతారు, చిన్న బ్రాంచీలకి అది ఉండదు, బ్రాంచీలో అడిగితే ఏ పెద్ద బ్రాంచీ కోడ్ వాడాలో చెప్తారు. మొదటిసారి డబ్బు వచ్చినప్పుడు ఇది దేనికి అని పర్పస్ కోడ్ అడగొచ్చు, అడ్వర్టైజింగ్ సర్వీస్ అని చెప్పండి. పార్కింగ్ కంపెనీలు పేపాల్‌లో పంపితే అది కూడా ఇండియాలో ఆటోమేటిక్‌గా బ్యాంకుకే వెళ్తుంది, పాన్ లింక్ చేసి ఉండాలి. ఈ ఆదాయం ఐటీ రిటర్న్‌లో చూపించాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే, షాపుకి ఇప్పటికే జీఎస్టీ ఉన్నవాళ్ళు మాత్రం ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

ఎంతొస్తుంది అంటారా? వెయ్యి పేజీ వ్యూస్‌కి అర డాలర్ వస్తోందనుకుందాం, 100 డాలర్లు నిండడానికి రెండు లక్షల పేజీ వ్యూస్ కావాలి. ఒక చిన్న ఊరి సైట్‌కి అది చాలా నెలల పని. అందుకే కింది స్టెప్పు ముఖ్యం.

స్టెప్ 7: ఊళ్ళో షాపుల యాడ్ నేరుగా

పట్టు చీరల గురించి మంచి పేజీ ఉందనుకోండి, దానికి నెలకి వచ్చేది రెండు మూడు వందల మందే అయినా వాళ్ళంతా చీర కొనబోయేవాళ్ళు. ఒక షాపు ఓనరు దగ్గరకి సెర్చ్ కన్సోల్ స్క్రీన్ తీసుకెళ్ళి చూపించి, పేజీ పైన మీ షాపు బోర్డు, ఫోన్ నంబర్ పెడతాను నెలకి 500 ఇవ్వండి అంటే ఏడాదికి 6,000, ఐదు పేర్ల రెన్యువల్ అక్కడే వచ్చేసింది. మధ్యలో కట్ తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు, డబ్బు రూపాయల్లోనే, యూపీఐలోనే. ఒడియా షాపులవాళ్ళు కూడా తెలుగు కస్టమర్లు కావాలంటే ఇస్తారు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు వాళ్ళకీ కావాలి కదా.

పైన ప్రకటన అని స్పష్టంగా రాయండి. షాపు గురించి మీకు తెలియని గొప్పలు రాయొద్దు. ఎవరైనా మొత్తం పేరునే అద్దెకి అడిగితే ఇవ్వొచ్చు, కానీ రిజిస్ట్రార్ లాగిన్ ఇవ్వకుండా మీరే వాళ్ళ పేజీకి మళ్ళించండి, బెట్టింగ్, లోన్ యాప్‌లు పెట్టకూడదని కాగితం మీద రాయించుకోండి.

స్టెప్ 8: అమ్మడం

డొమైన్లు అమ్మిపెట్టే ఆఫ్టర్నిక్, సెడో లాంటి చోట్ల లిస్ట్ చెయ్యడానికి డబ్బు కట్టక్కర్లేదు, అమ్ముడైతే కమీషన్ తీసుకుంటారు, ఎంతో ముందే చదువుకోండి. కొత్తగా కొన్న డాట్ కామ్ పేరుకి మామూలుగా 60 రోజుల వరకు ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చే వీలుండదు. తెలిసినవాళ్ళకి అమ్మినా సరే డబ్బు అందాకే ఆథ్ కోడ్ (పేరు ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చుకోవడానికి కావాల్సిన రహస్య కోడ్) ఇవ్వండి.

మోసాల సంగతి. మీ పేరుకి పెద్ద ధర ఇస్తాం, ముందు ఫలానా సైట్లో వాల్యుయేషన్ సర్టిఫికెట్ తీసుకోండి అని మెయిల్ వస్తే అది సర్టిఫికెట్ ఫీజు కోసమే, కొనేవాడు ఎవడూ ఉండడు. మీ పేరుని చైనాలో ఎవరో రిజిస్టర్ చేస్తున్నారు, మీరు ముందు కొనుక్కోండి అని వచ్చే మెయిల్ కూడా అంతే, డిలీట్ చెయ్యండి.

స్టెప్ 9: వదిలేసే పేర్లు

మనుషులు రారు, పేజీ రాసే ఓపిక లేదు, ఏడాది లిస్ట్‌లో ఉన్నా ఎవరూ అడగలేదు, అలాంటివి ఆటో రెన్యువల్ ఆఫ్ చేసి వదిలేయండి. డాట్ కామ్ అయితే ఎక్స్‌పైర్ అయ్యాక రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకు గడువు, దాని తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అప్పుడు వెనక్కి తీసుకోవాలంటే పెద్ద ఫీజు, ఆ పైన 5 రోజుల్లో పేరు బయటికి పోతుంది. ఎవరైనా కొనుక్కోవచ్చు.

అందుకే వదిలేముందు ఒక పని తప్పకుండా చెయ్యండి. ఆ పేరు మీద ఉన్న ఈమెయిల్ ఐడీతో ఎక్కడెక్కడ అకౌంట్లు ఉన్నాయో చూసి, బ్యాంకు, జీఎస్టీ, ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ మ్యాప్స్‌లో షాపు లిస్టింగ్, కరెంటు బిల్లు, అన్నిటిలోనూ ఐడీ మార్చెయ్యండి. రేపు ఆ పేరు కొన్నవాడు అదే ఐడీ మళ్ళీ తయారుచేసుకుని పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే లింకు వాడికే వెళ్తుంది. విజిటింగ్ కార్డుల మీద, షాపు బోర్డు మీద, క్యారీ బ్యాగుల మీద ఆ వెబ్‌సైట్ పేరు ముద్రించి ఉంటే ఆ స్టాక్ అయిపోయేదాకా ఇంకో ఏడాది రెన్యువల్ కట్టి, అప్పుడు వదలండి.